తమ్ముడి సంగతి సంఘంలో తెలిసిపోయింది. వాళ్లు చేస్తున్నది క్రమశిక్షణా, తీర్పు తీర్చడమా?

ఓరుగల్లు ఆడబిడ్డ:

అందరికీ వందనాలు. సంఘం పేరు రాయను, హనుమకొండ దగ్గర ఒక బాప్టిస్టు సంఘం అనుకోండి చాలు. తాతయ్య కాలం నుంచి మేం విశ్వాసులం, ఆయన సైకిల్‌కు బైబిళ్ల సంచి తగిలించుకుని పరకాల, ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగినవాడు. కాబట్టి "మతం అంటేనే ఇంత, వదిలేయండి" అనే సలహా మాత్రం ఎవరూ ఇవ్వకండి, అది ఆఫీసులో రోజూ వింటూనే ఉన్నాను.

మా తమ్ముడు గే. నాకు చాలా ముందే చెప్పాడు, ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. మొన్న ఎండాకాలం యూత్ రిట్రీట్‌లో వాడి ఫోన్ ఎవరో తీసి మెసేజ్‌లు చదివి, స్క్రీన్‌షాట్ కొట్టి ఇంకొకరికి పంపారు, అది తిరిగి తిరిగి అమ్మగారి (పాస్టరు గారి భార్య) దాకా పోయింది. ఆ వారమే స్త్రీల సమాజంలో "ఒక యౌవనస్థుడి కోసం భారంతో ప్రార్థించండి, పేరు చెప్పడం లేదు" అని ప్రార్థన విన్నపం పెట్టారు. పేరు చెప్పలేదు, నిజమే. కానీ ఆ అబ్బాయి క్వయర్‌లో ఉంటాడని, వాళ్ల నాన్న రైల్వేలో రిటైరయ్యాడని చెప్పారు. ఇంక పేరెందుకు? మన దగ్గర చాడీ చెప్పాలంటే సిగ్గు గానీ, ప్రార్థన విన్నపం అంటే ఎవరి ఇంటి గుట్టైనా మైకులో చెప్పొచ్చు.

ఆదివారం పాస్టరు అయ్యగారు రోమా పత్రిక మొదటి అధ్యాయం, స్వలింగ సంపర్కాన్ని తప్పుపట్టే భాగం, తీసి వాక్యం చెప్పారు. తమ్ముడు అక్కడే కీబోర్డు దగ్గర కూర్చున్నాడు, ప్రసంగం తర్వాత ముగింపు పాట వాడే వాయించాలి, వాయించాడు. సాయంత్రం కమిటీ పిలిచి, పశ్చాత్తాపపడి సంఘం ముందు ఒప్పుకునేదాకా కీబోర్డు ముట్టొద్దు, ప్రభు భోజనపు బల్లలో పాలు పొందొద్దు అన్నారు. తమాషా ఏంటంటే ఆ కీబోర్డు సంఘానిది కాదు, వాడు తన జీతంలోంచి వాయిదాల మీద కొన్నది. అడిగితే "ఆరాధనకు ఇబ్బంది అవుతుంది, ఇక్కడే ఉండనీ" అంటున్నారు. ఇప్పుడు దాని మీద పదో తరగతి పిల్లాడొకడు ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కుకుంటూ అన్ని పాటలూ ఒకటే శ్రుతిలో లాగిస్తున్నాడు. మనిషి పనికిరాడు, మనిషి కొన్న పెట్టె మాత్రం పరిశుద్ధంగానే ఉంది.

ఇంట్లో ఇంకో గొడవ. అవ్వ (మా అమ్మ) ఏడుపు ఆపడం లేదు. ఎవరో చెప్పారని ఊరి బయట ఒక విడుదల కూడికకు తీసుకుపోయి ఉపవాసం పెట్టించి దయ్యాన్ని వెళ్లగొట్టిస్తానంటోంది. అది కాకపోతే లగ్గం. నర్సంపేట నుంచి సంబంధం వచ్చింది, అమ్మాయి బీఈడీ చేసింది, మంచి పిల్ల. "పెళ్లైతే అన్నీ సర్దుకుంటాయి" అని అమ్మగారూ అంటున్నారు, మా మేనత్తా అంటోంది. ఆ పిల్లకు ఈ సంగతి తెలియదు.

నేను బైబిల్లో ఉన్నది లేదని అనను. నాకు అర్థం కానిది ఇదే, సంఘం చేస్తున్నది క్రమశిక్షణా, లేక ప్రభువు వద్దన్న తీర్పా? రెంటికీ మధ్య గీత ఎక్కడుంది? ఆ నర్సంపేట వాళ్లకు నేను చెప్పాలా వద్దా? తెలిసినవాళ్లు, మీ ఇళ్లల్లో ఇలాంటిది చూసినవాళ్లు చెప్పండి.

సీయోను దారి:

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. నేను జనగామ వైపు ఒక సంఘంలో డీకన్‌గా ఉన్నాను, కాబట్టి కమిటీ బల్లకు అవతలి వైపు నుంచి మాట్లాడుతున్నానని ముందే చెప్తున్నా.

లేవీయకాండం 18:22, రోమా 1:26, 27, మొదటి కొరింథీ 6:9. స్వలింగ సంపర్కం తప్పని చెప్పే ఈ వచనాలను వేరేగా చదివేవాళ్లు ఈ మధ్య చాలామంది వచ్చారు, నేను వాళ్ల పుస్తకాలూ చూశాను, నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. వాక్యాన్ని కాలానికి తగ్గట్టు సర్దే అధికారం నాకు లేదు. ఇంకొకటి, "తీర్పు తీర్చకుడి" అనే మత్తయి 7:1 ఒక్కటి పట్టుకుని దేన్నీ పాపం అనకూడదనడం కూడా సరికాదు, అదే అధ్యాయంలో కొంచెం కిందికి వస్తే అబద్ధ ప్రవక్తల విషయంలో జాగ్రత్తగా ఉండమన్నాడు, వివేచన లేకుండా వాళ్లను ఎట్లా గుర్తుపడతాం? యోహాను ఏడో అధ్యాయంలో వెలిచూపును బట్టి కాకుండా న్యాయమైన తీర్పు తీర్చమన్నాడు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ మీద రాయి వేయనివ్వని ప్రభువే ఆమెతో ఇక పాపం చేయొద్దని కూడా అన్నాడు. జనం మొదటి సగం చదివి పుస్తకం మూసేస్తారు.

ఇంతవరకు మీ కమిటీకి నచ్చే మాటలు. ఇప్పుడు నచ్చనివి. ఆకర్షణ ఉండడం వేరు, దాని ప్రకారం నడవడం వేరు. మీ తమ్ముడు ఏం చేశాడని ఎవరైనా కూర్చోబెట్టి అడిగారా, లేక దొంగతనంగా తీసిన స్క్రీన్‌షాట్ చూసి తేల్చేశారా? మత్తయి 18:15 నుంచి 17 వరకు క్రమం స్పష్టంగా ఉంది, ముందు నువ్వు ఒంటరిగా పోయి మాట్లాడు, వినకపోతే ఒకరిద్దరిని తీసుకుపో, అప్పటికీ కాకపోతేనే సంఘానికి చెప్పు. మీ సంఘం దీన్ని తలకిందులు చేసింది. ముందు స్త్రీల సమాజం, తర్వాత పులిపీఠం (ప్రసంగ వేదిక), ఆఖరున కమిటీ, ఒంటరిగా మాట్లాడింది మాత్రం ఎవరూ లేరు. దీన్ని క్రమశిక్షణ అనలేం. ఫోన్ తీసినవాడిని కూడా కమిటీ పిలిచిందా అన్నది నా ప్రశ్న.

కీబోర్డు వెంటనే ఇచ్చేయాలి, అందులో చర్చే లేదు. పరిచర్యలో కొనసాగడం మీద మాత్రం నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు, ముందు నిలబడి ఆరాధన నడిపించేవాళ్ల విషయంలో సంఘానికి నియమం ఉండొచ్చు అంటాను. కానీ ఆ నియమం అందరికీ ఒకటే అయి ఉండాలి.

బొగ్గుబాయి:

అందరికీ ఒకటే అయి ఉండాలి అన్నరు చూడండి, అక్కడ దొరికిండు డీకన్ సాబ్.

అక్కా, మాది గోదావరిఖని, సింగరేణిలో చేస్త. మా సంఘంల గాని మా చుట్టుపక్కల సంఘాలల్ల గాని నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న, కట్నం తీసుకున్నడని ఒక్క పెండ్లికొడుకును బల్లకు దూరం పెట్టిన కమిటీని చూడలె. 1961 నుంచి అది నేరం, చట్టం ఉన్నది. లక్షలు మాట్లాడుకుని, కారు మాట్లాడుకుని, అదే పెండ్లిల అయ్యగారు చేతులెత్తి ఆశీర్వదిస్తరు, ఆ లక్షల నుంచే గుడికి కృతజ్ఞత కానుక వస్తది. మొదటి కొరింథీ 6:9 చదివిండ్రు కదా, పదో వచనం ఎందుకు ఆపేసిండ్రు? లోభులు, తాగుబోతులు, దూషకులు, దోచుకునేటోళ్లు అందరూ ఒకటే లైన్ల ఉన్నరు. దూషకుల మీద పెట్టి చూడండి రూలు, మా కమిటీ మీటింగుకు కోరం ఉండదు.

ఏనుమాముల మార్కెట్ల మిర్చి కాంటా పెట్టినట్టు ఉన్నది మన యవ్వారం, రైతుకు ఒక రాయి, దోస్తుకు ఒక రాయి. సామెతలు 20:10 చూడండి, దేవునికి ఏది అసహ్యమో అక్కడ రాసి ఉన్నది.

ఇంకో మాట, ఇది కొంచెం కటువుగా ఉంటది. ఈ తెలంగాణల క్రైస్తవులం అంటే ఎక్కువ ఎవరం? మాలోళ్లం, మాదిగోళ్లం. దోర్నకల్ల అజరయ్య గారు 1912ల బిషప్ అయ్యి మన పెద్దోళ్లను మనుషులుగా దగ్గరికి తీసిండంటే తాతలు వినొచ్చిండ్రు. మన తాతలను గుడి బయట నిలబెట్టినోళ్లు ఊకెనే నిలబెట్టలే, వాళ్లు కూడ శాస్త్రం చూపించే నిలబెట్టిండ్రు, మీ పుట్టుకనే పాపం అన్నరు. ఇయ్యాల మనం ఇంకొకని పుట్టుకను చూపించి బయట నిలబెడుతున్నం. పైంగ మన దగ్గర చాలామందికి క్రైస్తవులైతే ఎస్సీ హోదా ఉండదన్న 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల కాగితం మీద ఒక మతం, ఆదివారం ఒక మతం. ఎస్సీ సర్టిఫికెట్ పోతదని ఆఫీసుల నోరు మూసుకుని, ఇంటికొచ్చి మోకాళ్లూనేటోళ్లం. ఉన్నది దాచుకుని బతుకుడు అంటే ఎట్లుంటదో మనకు ఎవడన్న కొత్తగ చెప్పాల్నా?

నీ తమ్ముడు దాచుకున్నడని మనం కోపం చేసుడు నాకైతే నవ్వొస్తది.

కడవరి బూర:

ఇవన్నీ అంత్యదినాల సూచనలు. సొదొమ గొమొర్రా పట్టణాలు పాపం వల్ల ఏమయ్యాయో చదువుకోండి. పాపాన్ని ప్రేమ పేరుతో సమర్థించే పోస్టులు అడ్మిన్ తీసేయాలి. పిల్లలు చూసి ఇదే నేర్చుకుంటారు.

ఫాతిమానగర్ వాసి:

బూర గారూ, సొదొమ సంగతి మీరే తీశారు కాబట్టి యెహెజ్కేలు 16:49 కూడా తీయండి. సొదొమ దోషం ఏమిటో ప్రవక్త అక్కడ తన మాటల్లో చెప్పాడు, గర్వం, కడుపునిండా తిండి, నిశ్చింత, బీదలకు చేయి అందించకపోవడం. ఆ తర్వాతి వచనంలో హేయమైన పనుల మాటా ఉంది, దాన్ని నేను దాచడం లేదు, కానీ జాబితా మొదలైంది ఎక్కడో చూడండి. పిల్లలు చూసి నేర్చుకుంటారనే భయానికి కూడా ఒక మాట. ఈ అక్క తమ్ముడు చిన్నప్పటి నుంచి చూసిందంతా పెళ్లి చేసుకున్న ఆడామగా జంటలనే కదా, మరి అది ఎందుకు నేర్చుకోలేదు?

మేం కతోలికులం, కాజీపేట ఫాతిమా కెథెడ్రల్ విచారణ (పారిష్). మా సభ బోధ మీ డీకన్ గారి మాటకు దగ్గరగానే ఉంటుంది, ఎవరూ అపోహ పడొద్దు. సత్యోపదేశ గ్రంథంలో 2357వ పేరాలో ఆ క్రియలు సరికావనే ఉంది. కానీ 2358లో అలాంటి వ్యక్తులను గౌరవంతో, కనికరంతో, సున్నితంగా స్వీకరించాలి, వాళ్ల పట్ల అన్యాయమైన వివక్ష ఏ రూపంలోనూ ఉండకూడదు అని కూడా ఉంది. మనవాళ్లు మొదటిది కంఠతా పట్టి రెండోది మరిచిపోతారు. పోపు ఫ్రాన్సిస్ 2013లో బ్రెజిల్ నుంచి తిరిగి వస్తూ విమానంలో "తీర్పు తీర్చడానికి నేనెవరిని" అన్నది అందరూ విన్నారు, 2023 జనవరిలో ఒక వార్తాసంస్థకిచ్చిన ఇంటర్వ్యూలో అన్నది తక్కువమందికి తెలుసు. స్వలింగ సంపర్కం నేరం కాదు, పాపానికీ నేరానికీ తేడా చూడండి, ఒకరి మీద ఒకరికి ప్రేమ లేకపోవడం కూడా పాపమే అన్నారు. ఆ ఏడాది డిసెంబరులో వాటికన్ ఇచ్చిన ప్రకటనలో ఇలాంటి జంటలకు పెళ్లిలా కాకుండా, ఆరాధన క్రమంగా కాకుండా, మామూలు ఆశీర్వాదం ఇవ్వొచ్చన్నారు. ఆఫ్రికా బిషప్పులు మా దగ్గర కుదరదన్నారు. పెళ్లి మీద బోధ మాత్రం మారలేదు.

బయట సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే "ప్రపంచంలో క్రైస్తవులందరిదీ ఒకటే మాట" అని మన పులిపీఠాల మీద చెప్తుంటారు. మన మెదక్ కెథెడ్రల్ కట్టించింది వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు, 1924 క్రిస్మస్ రోజు ప్రతిష్ఠ జరిగింది. ఆ మిషన్‌ను పంపిన బ్రిటన్ మెథడిస్టులు 2021లో తమ గుళ్లలో ఇద్దరు మగవాళ్ల పెళ్లికీ, ఇద్దరు ఆడవాళ్ల పెళ్లికీ ఒప్పుకున్నారు. ఇష్టం లేని పాస్టరును బలవంతపెట్టకూడదనే షరతు కూడా పెట్టుకున్నారు. వాళ్లు చేశారు కాబట్టి మనమూ చేయాలని నేననను. మనకు సువార్త తెచ్చినవాళ్ల మనుమలే ఇవే వచనాల ముందు కూర్చుని తల పట్టుకున్నారంటే, మీ అయ్యగారికి ఒక్క ఆదివారంలో అంతా తేటతెల్లం ఎట్లా అయిందో అని నా అనుమానం.

కడవరి బూర:

పాశ్చాత్య దేశాల సరుకు మనకు వద్దు. మన దేశ చట్టం కూడా ఒప్పుకోదు.

ఫాతిమానగర్ వాసి:

పాశ్చాత్య సరుకు అంటే స్వలింగ సంపర్కాన్ని నేరం అన్న 377 సెక్షనే బాబూ, 1860లో ఇంగ్లిషు దొరలు రాసిన శిక్షాస్మృతిలోది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీలు, ఇష్టపూర్వకంగా కలిసి ఉన్న పెద్దవాళ్లకు అది వర్తించదని తేల్చేశారు. ఆ కేసులో సెక్షన్ ఉంచాలని వాదించిన వాళ్లలో క్రైస్తవ సంఘాలు కూడా ఉన్నాయి, ఉత్కళ్ క్రిస్టియన్ కౌన్సిల్, అపోస్తలిక్ అలయన్స్ ఆఫ్ చర్చెస్. పాపం అని బోధించుకోవడం ఒకటి, జైల్లో పెట్టమని కోర్టుకు పోవడం ఇంకొకటి. మత్తయి ఏడో అధ్యాయం ఆ రెంటి మధ్యే ఎక్కడో అడ్డం నిలబడిందని నాకనిపిస్తుంది. పెళ్లి హక్కు మాత్రం 2023 అక్టోబరులో అదే కోర్టు ఇవ్వలేనంది, ఆ మాట మీరు చెప్పినా సరే.

పేరెందుకు:

చెల్లె, మీ వచనాల చర్చ నాకు అక్కర్లేదు. నేను ఆ నర్సంపేట పిల్లను.

అంటే ఆ పిల్ల కాదు, కానీ ఆ పిల్ల స్థానంలో ఉండి వచ్చినదాన్ని. జగిత్యాల వైపు మాది. సంబంధం సంఘం ద్వారానే వచ్చింది, అబ్బాయి ప్రార్థనాపరుడు, మందు ముట్టడు, ఆడపిల్లల వైపు కన్నెత్తి చూడడు అని చెప్పారు. ఆ చివరిది ఎంత నిజమో తర్వాత తెలిసింది. ఆయన చెడ్డవాడు కాదు, నన్ను ఒక్క మాట అనలేదు, కొట్టలేదు. రాత్రయితే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. నేను ఏం తప్పు చేశానో అనుకుని చీరలు మార్చాను, బరువు తగ్గాను, జుట్టు కత్తిరించుకున్నాను. పిల్లలు లేరని అత్తమ్మ నన్ను తిప్పని ప్రార్థన లేదు, నా కడుపు మీద నూనె రాసి పదిమంది చేతులుంచి గర్భం తెరవబడాలని అరిచేవాళ్లు, ఆయన అక్కడే తలవంచుకుని నిలబడేవాడు. తెలిసి నిలబడేవాడు. వాళ్లమ్మకూ తెలుసని తర్వాత తెలిసింది, పెళ్లికి ముందే వాళ్ల అయ్యగారికి చెప్పి ప్రార్థన చేయించారట, "పెళ్లైతే పోతుంది" అని ఆయనే ధైర్యం చెప్పాడట.

సంఘంలో గొడ్రాలిని నేను. తీర్పు ఆయన మీద పడలేదు, అంతా నా మీదే పడింది.

మన క్రైస్తవులకు విడాకులు ఇప్పటికీ 1869 నాటి చట్టం కిందే, ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే వీలు 2001 సవరణతో గానీ రాలేదు, సెక్షన్ 10ఏ. ఆయన ఒప్పుకున్నాడు కాబట్టి బయటపడ్డాను, కోర్టులో కారణం రాయాల్సిన పని లేకుండా. ఇప్పటికీ మా పాత సంఘంలో ఇల్లు నిలబెట్టుకోలేనిదాన్ని నేనే. ఆయన మీద నాకు కోపం తగ్గింది, మీద చేతులుంచి అరిచినవాళ్ల మీద తగ్గలేదు.

ఆ పిల్లకు చెప్పు. ఇవాళే చెప్పు.

నైట్ డ్యూటీ:

పైన అక్క రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా ఒక చోట ఒప్పుకోలేను, క్షమించండి. ఆ పిల్లకు చెప్పాల్సింది తమ్ముడు, అక్క కాదు. ఒకసారి వాడి గుట్టు వాడి చేతిలో లేకుండా బయటికి పోయింది, ఇంకోసారి సొంత అక్క చేతి మీదుగా నర్సంపేట దాకా పోవద్దు. వాడు "నాకు ఈ పెళ్లి వద్దు" అంటే చాలు, కారణం ఊరందరికీ విడమరిచి చెప్పాల్సిన అప్పు వాడికి లేదు.

నేను వరంగల్‌లో నర్సుని, మానసిక వైద్య విభాగంలో కొంతకాలం చేశాను. విడుదల కూడిక గురించి ఎవరూ రాయలేదు, నాకు అన్నిటికంటే టెన్షన్ దాని గురించే. ఉపవాసం పెట్టించి, నిద్ర లేకుండా చేసి, దయ్యమా పో అని మీద పడి అరిచాక, ఆ పిల్లలు ఏ స్థితిలో మా దగ్గరికి వస్తారో చూసినదాన్ని. మారకపోతే నీ విశ్వాసం తక్కువ అంటారు, అదింకా ఘోరం, అప్పటిదాకా మనుషులు మాత్రమే వద్దన్నారు, ఇప్పుడు దేవుడు కూడా వద్దన్నాడని వాడికి అనిపిస్తుంది. ప్రార్థనను నేను తక్కువ చేయడం లేదు, డ్యూటీకి ముందు నేనూ చేసుకుంటాను.

ఇది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల పట్టికలోంచి తీసేసింది, మన ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లో అదే చెప్పింది. మారుస్తామని ట్రీట్‌మెంట్ ఇస్తే అది డాక్టర్ల దుష్ప్రవర్తన కిందికి వస్తుందని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో చెప్పింది, మద్రాసు హైకోర్టు అడిగాక. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో ఇంకో మంచి మాట ఉంది, తన చుట్టూ ఉన్న సమాజం నీతికీ, మత విశ్వాసాలకూ సరిపోవడం లేదన్న కారణంతో ఎవరినీ మానసిక రోగి అని తేల్చకూడదని. అమెరికాలో ప్రార్థనతో మారుస్తామని ఎన్నో ఏళ్లు నడిచిన ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అనే క్రైస్తవ సంస్థ 2013లో క్షమాపణ చెప్పి మూసేసుకుంది, నడిపిన విశ్వాసులే మూశారు, అవ్వకు ఈ ఒక్కటీ చెప్పి చూడండి.

తమ్ముడు తిండి మానేయడం, నిద్రపోకపోవడం, తన వస్తువులు పంచిపెట్టడం లాంటివి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు ఉండవు. అవ్వ కూడా చేయొచ్చు, ఆమె బాధ కూడా చిన్నది కాదు.

పేరెందుకు:

సరే చెల్లె, వాడే చెప్పాలి. మరి వాడు చెప్పకపోతే? మా ఆయనకూ నోరుంది.

నైట్ డ్యూటీ:

లగ్నపత్రిక దాకా వచ్చినా వాడు నోరు తెరవకపోతే అప్పుడు అక్క చెప్పాలి. అంతవరకు ఒప్పుకుంటా.

సీయోను దారి:

నర్సు సిస్టర్ రాసిన వైద్యం మాటల్లో కొన్నిటితో నాకు పేచీ ఉంది, జబ్బు కాదన్నంత మాత్రాన పాపం కాదని అర్థం కాదు, అబద్ధమాడడం కూడా జబ్బు కాదు. ఒంటరిగా, పవిత్రంగా బతకమని పిలుపు ఉండొచ్చు. మత్తయి 19:12లో పరలోక రాజ్యం కోసం పెళ్లి లేకుండా ఉండేవాళ్ల గురించి ప్రభువే చెప్పాడు.

కానీ పేరెందుకు సిస్టర్ రాసింది నేను మా ఇంట్లో చదివి వినిపించాను. దాచిపెట్టి పెళ్లి చేయడం అబద్ధ సాక్ష్యం, పది ఆజ్ఞల్లోది, ఇందులో రెండో అభిప్రాయం లేదు. అది చేయించిన పాస్టరుది పెద్ద పాపం. ఒంటరి జీవితం అని నేను రాశాను గానీ, మన సంఘాల్లో పెళ్లి కాని మగవాడికి కూర్చునే చోటే లేదు, ఇల్లు అద్దెకివ్వరు, సాక్ష్యం చెప్పనివ్వరు, ఎప్పుడు చేసుకుంటావని గేటు దగ్గరే అడుగుతారు. అది కూడా కమిటీలు ఆలోచించాలి.

బొగ్గుబాయి:

గిది బాగుంది డీకన్ సాబ్. ఒంటరిగ బతుకు అంటరు, బతుకనియ్యరు.

ఓరుగల్లు ఆడబిడ్డ:

అందరికీ చాలా థ్యాంక్స్. బూర గారికి కూడా, ఎందుకంటే మా ఇంట్లో చుట్టాలు అనేది అచ్చం అదే, జవాబు ముందే దొరికింది.

పేరెందుకు అక్కా, మీరు రాసింది తమ్ముడికి చూపించాను. వాడు ఫోన్ తీసుకుని డాబా మీదికి పోయాడు, కిందికి వచ్చి అవ్వతో "నేను ఏ పిల్ల మెడలోనూ తాళి కట్టను, మీరు కట్టిస్తే పెళ్లిపీటల మీద చెప్తాను" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. అవ్వ రెండు పూటలు అన్నం తినలేదు. బాపు మాత్రం మొదటిసారి నోరు తెరిచి, నర్సంపేట వాళ్లకు నేనే ఫోన్ చేసి వద్దని చెప్తా, కారణం అడిగితే అబ్బాయికి ఇష్టం లేదంటా అన్నాడు. విడుదల కూడిక అవ్వ ఇంకా వదలలేదు, ఎక్సోడస్ సంగతి చెప్తే "అది అమెరికా" అంది. చూడాలి.

వాడు వేరే సంఘానికి పోతా అంటున్నాడు, ఎక్కడికి పోయినా స్క్రీన్‌షాట్ ముందే పోతుంది కదా అని నా భయం. నాకైతే ఇక్కడే ఉండి కీబోర్డు తెచ్చుకోవాలని ఉంది. కమిటీలో అయ్యగారి కంటే గట్టిగా పట్టుబట్టింది కోశాధికారి, పరిశుద్ధత పోతుంది, పిల్లలు చెడిపోతారు అని. ఆయనది గిరిగిరి ఫైనాన్స్, అధిక వడ్డీకి అప్పులిచ్చి వసూలు చేసుకునే వ్యాపారం.

బొగ్గుబాయి:

గిరిగిరా! అక్కా ఇది ముందు చెప్పాలె కదా. పదిహేనో కీర్తన ఐదో వచనం, దేవుని గుడారంల ఎవడు ఉండాల్నంటే డబ్బు వడ్డీకియ్యనోడు. బోర్డు మీద రాసి గుడి ముంగట పెట్టుండ్రి.

సీయోను దారి:

వడ్డీ మీద వేరే పోస్ట్ పెట్టండి బ్రదర్, అక్కడ మాట్లాడదాం.

బొగ్గుబాయి:

పెడితే ఒక్క డీకన్ అన్న వస్తడా?

సీయోను దారి:

నేను వస్తాను. సిస్టర్, మీ కమిటీతో మాట్లాడడానికి కూడా వస్తాను, మీకు ఇష్టమైతేనే. కీబోర్డు ఇప్పించే విషయం, మత్తయి 18 క్రమం, ఫోన్ తీసినవాడి విషయం, ఈ మూడూ మాట్లాడతా. పరిచర్య విషయంలో నా అభిప్రాయం మీకు తెలుసు, అక్కడికి వచ్చి మార్చి చెప్పను, ముందే అంటున్నా.

ఓరుగల్లు ఆడబిడ్డ:

మార్చకండి బ్రదర్, మీరు ఆ అభిప్రాయంతో వస్తేనే వాళ్లు వింటారు, నేను చెప్తే తమ్ముడి మీద ప్రేమతో అంటున్నానంటారు. నంబర్ మెసేజ్‌లో పెట్టండి. ఆ కోశాధికారి మా సొంత మేనమామ, నర్సంపేట సంబంధం తెచ్చింది కూడా ఆయనే, కాబట్టి కమిటీ కంటే ముందు ఆయన ఇంటికే పోదాం. ఆదివారం మాత్రం పెట్టుకోకండి, ఆరాధన అవ్వగానే ఆయన వసూళ్లకు పోతాడు.